చదివినావ్ సరే, మతలబ్ ఏంది?

మా అక్క కూతురు ఫోన్ తెచ్చి నా చెవి దగ్గర పెట్టింది. "ఖాలా, యే జరా సున్. ఇనే ఆతుఁ బోల్‌రా కీ, నైఁ ఆతుఁ బోల్‌రా?"

2024 ఫిబ్రవరి. వల్లూరులో మా అమ్మీ ఇంటి వసారాలో కూర్చోని ఉన్నాం. ఫోన్‌లో ఎవరో అమెరికా పిల్లోడు, ఎవరో టీచరమ్మ. మొత్తం అర నిమిషం కూడా లేదు. శనివారం బడిలో ఏదో పని ఉంది, పిల్లోడు వస్తాడా రాడా అన్నది సవాల్. పిల్ల "వస్తాడు" అని పెట్టింది. కింద జవాబు మాత్రం "రాడు" అని ఉంది. నేను మూడుసార్లు విన్నా. నాకూ "ఐ కెన్ కమ్" అనే వినిపించింది. పదో తరగతిలో ఇంగ్లీషులో బడికే ఫస్టొచ్చిన ఖాలా, తొమ్మిదో తరగతి చదివే పిల్లా ఇద్దరం ఒకరి మొహాలు ఒకరు చూసుకొని నవ్వుకున్నాం. నాకు ఆ నవ్వు గొంతులోనే ఆగిపోయింది. ఎందుకో చెప్తా.

ముందు ఆ ఫోన్‌లో ఉన్నది ఏందో చెప్పాల. 2023 జూన్‌లో మన రాష్ట్ర ప్రభుత్వం ఈటీఎస్ అనే అమెరికా సంస్థతో ఒప్పందం చేసుకుంది. పైచదువులకు అమెరికా పోయేవాళ్లు రాసే టోఫెల్ పరీక్ష ఉంది చూడండి, 1964 నుంచి నడుస్తా ఉండేది, అది వాళ్లదే. దాంట్లోనే చిన్నపిల్లలకని వేరేవి ఉన్నాయి. మూడు నుంచి ఐదు తరగతులకు టోఫెల్ ప్రైమరీ, ఆరు నుంచి తొమ్మిదికి టోఫెల్ జూనియర్. సర్కారు బడి పిల్లలకు ఇవి నేర్పించి ఇమ్తిహాన్ పెట్టించాలని ఫైస్లా అయింది. జూనియర్‌లో మూడు భాగాలు. విని అర్థం చేసుకునేది ఒకటి, వ్యాకరణం, మాటల మతలబ్ ఒకటి, చదివి అర్థం చేసుకునేది ఒకటి. ఒక్కోదానికి 200 నుంచి 300 దాకా స్కోరు. నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తు పెట్టాల. వినే భాగంలో ఆడియో ఒక్కసారే వేస్తారు. బిడ్డా, మళ్లీ చెప్పనా అని అడిగేవాళ్లు ఉండరు.

మా పిల్ల ఐదు దాకా ఉర్దూ మీడియం. ఆరో తరగతి అంతా కరోనాలో పోయింది. బడి తెరిచేసరికి చేతికొచ్చిన పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. మంచి ఆలోచనే, తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు చేతికర్రలాంటిది. అలిఫ్ బే రాసుకుంటా వచ్చిన పిల్లకు మాత్రం ఎడమ పేజీ కూడా పరాయిదే, కుడి పేజీ కూడా పరాయిదే. తెలుగు మాట్లాడ్డం నీళ్లు తాగినట్టు మాట్లాడుతుంది. "కిరణజన్య సంయోగక్రియ" అని అచ్చులో చూస్తే మాత్రం ఖామోష్. అట్లా ఖామోష్‌గానే మూడేళ్లు వెనక బెంచీలో కూర్చుంది. దాని అబ్బూ కువైట్‌లో డ్రైవర్. మా కడప జిల్లాలో ఇది కొత్త సంగతి కాదు, ప్రతి గల్లీలో ఒక కువైట్ ఇల్లు ఉంటుంది. వాళ్ల దాదీ అప్పటికే ఒక మాట అనడం మొదలుపెట్టింది. "పది అయితే చాలు. రాని చదువు కోసం ఆడపిల్లను కడపకు, ప్రొద్దుటూరుకు పంపేదేంది?" అని. "రాని చదువు" అనే ఆ రెండు మాటలు పిల్ల వినింది. దానికి టోఫెల్ అంటే అమెరికా కాదు. దాదీకి ఇచ్చే జవాబు.

ఆ రోజు సాయంత్రం ఇంగ్లీషు రీడర్ తెచ్చి చదవమన్నా. చదివింది. ఎంత బాగా చదివిందంటే, అమ్మీ మిషన్ మీద నుంచి లేచొచ్చి "మాషా అల్లా" అంటా తల నిమిరింది. కామా దగ్గర ఆగింది, పులుస్టాపు దగ్గర గొంతు దించింది. మా అక్క కళ్లలో మెరుపు. నేను పుస్తకం మూసి అడిగినా, "చదివినావ్ సరే బేటీ, మతలబ్ ఏంది?"

పిల్ల తల దించుకుంది. కాలి బొటనవేలితో చాప పోగు లాగుతా కూర్చుంది.

ఆ కాలి బొటనవేలు నాదే అనిపించింది నాకు.

1998. నేను పదో తరగతి పాసైన సంవత్సరం. ఇంగ్లీషులో బడికి ఫస్ట్. మా అబ్బా దర్జీ. వల్లూరులో రోడ్డు మీద చిన్న దుకాణ్, ఒక మిషన్, ఒక కైంచీ, ఒక రేడియో. దుకాణ్‌కు వచ్చిన ప్రతి గిరాకీకీ నా మార్కులు చెప్పేవాడు. ఆ ఎండాకాలమే అబ్బాకు బీపీ ఎక్కువై కళ్లు తిరిగి పడితే కడపలో ఒక ఆసుపత్రికి తీసుకపోయినారు. నాలుగు రోజులుంచి పంపినారు. చేతిలో ఒక కాగితం పెట్టినారు, అంతా ఇంగ్లీషు. ఇంటికొచ్చినాక అబ్బా ఆ కాగితం భాయిజాన్‌కు ఇవ్వలేదు, నాకిచ్చినాడు. "నా బేటీ చదువుతాది" అన్నాడు. చుట్టుపక్కల నలుగురు కూడా ఉన్నారు. నేను లేచి నిలబడి చదివినా. ఒక్క అక్షరం తడబడలేదు. చివర్లో మందుల కింద ఒక వాక్యం ఉంది. "డు నాట్ డిస్‌కంటిన్యూ విదౌట్ అడ్వైస్."

డిస్‌కంటిన్యూ అనే మాట నేను అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు. కంటిన్యూ తెలుసు, నాట్ తెలుసు. రెండు తెలిసిన మాటలు కనపడితే నడుమ ఉన్న తెలియనిదాన్ని కళ్లు దాటేస్తాయి. "నాట్... కంటిన్యూ". సలహా లేకుండా ఈ మందులు కంటిన్యూ చేయొద్దు అంటున్నారని చెప్పినా. ఇచ్చిన చీటీ అయిపోయేదాకా మింగి ఆపేద్దామనుకున్నారు. అబ్బాకు ఒళ్లు కూడా బాగానే ఉంది. బీపీ అట్లాంటిదే కదా, లోపల ఎంతున్నా పైకి ఏమీ తెలీదు.

నెలన్నర తరవాత ఒక పొద్దున ఫజర్‌కు వజూ చేస్తా ఉండంగా అబ్బా కుడి చెయ్యి పడిపోయింది.

అప్పుడు పోయింది వేరే డాక్టరు దగ్గరికి. ఆయన పాత కాగితం చూసి, "ఆపొద్దని ఇంత స్పష్టంగా రాసి ఉంటే ఎవరు ఆపమన్నారు?" అని అడిగినాడు. నేను మంచం కాళ్ల దగ్గరే నిలబడి ఉన్నా. మూతి ఒకపక్కకు లాగి ఉన్నా అబ్బా నా వైపు చూడకుండా మెల్లగా అన్నాడు. "నేనే మర్చిపోయినా సార్."

తరవాత ఆయన పదమూడేళ్లు బతికినాడు. ఎడమ చేత్తో కైంచీ పట్టడం నేర్చుకున్నాడు. కాజాలు, బొత్తాలు అమ్మీ వేసేది. ఒక్కనాడు కూడా ఆ కాగితం మాట ఎత్తలేదు, నా మార్కులు చెప్పుకోవడం మాత్రం మానినాడు. మందులు ఆపకుండా ఉంటే ఆ చెయ్యి నిలబడేదా లేదా, ఆ ఇల్మ్ ఖుదాకు తెలుసు. నాకు తెలిసింది ఒకటే. బడికి ఫస్టొచ్చిన పిల్లకు ఐదు మాటల వాక్యం అర్థం కాలేదు, అర్థం కాలేదన్న సంగతి కూడా అర్థం కాలేదు.

అందుకే ఆ సాయంత్రం అక్కతో చెప్పినా, దీన్ని నాకు వదిలేయండి అని.

నేను ఉండేది ప్రొద్దుటూరులో. ఆదివారాలు వల్లూరు వచ్చేదాన్ని. మిగతా రోజులు ఫోన్. మార్చి 12న రోజాలు మొదలయ్యాయి. సెహరీ అయినాక నిద్ర పట్టని ఆ కాసేపే మా తాలీమ్ టైమ్ అయింది. ఇల్లంతా చడీచప్పుడు లేకుండా ఉంటుంది, చెవి చురుగ్గా ఉంటుంది. రోజుకు ఇరవై నిమిషాలు, అంతకు మించి లేదు.

మొదటి వారం "కెన్", "కాన్ట్" దగ్గరే గడిచింది. బడిలో మనకు నేర్పింది ఏంది? కాన్ట్ అంటే చివర "ట్" వినపడాలని. అమెరికావాళ్ల నోట్లో ఆ "ట్" మింగుడు పడిపోతుంది. మరి తేడా ఎట్లా తెలుస్తుంది? తేడా చివర్లో లేదు, నడుమ ఉంది. "వస్తా" అనేటప్పుడు కెన్ మీద బరువు పెట్టరు, "అయ్‌క్‌న్ కమ్" అని జారిపోతుంది. "రాలేను" అనేటప్పుడు "అయ్ క్యాన్ కమ్" అని ఆ మాట మీద నిలబడతారు. అంటే మనకు గట్టిగా "క్యాన్" అని వినపడిందంటే చాలావరకు అది కాదనడమే! ఈ ఒక్క ముక్క తెలిసినాక పిల్ల పాత ఆడియోలన్నీ మళ్లీ విని, ఏడింట్లో ఆరు పట్టేసింది. అప్పటిదాకా అది చెవిటిది కాదు, ఎక్కడ వినాలో ఎవరూ చెప్పలేదంతే.

ఎక్కడ వినాలో చెప్పడం అంటే నాకు మా మక్తబ్ గుర్తొచ్చింది. మన పిల్లలకు చెవి తాలీమ్ ఐదేళ్లకే మొదలవుతుంది, మనమే దాన్ని లెక్కలో వేసుకోం. ఉస్తాద్ "ఖల్బ్ కాదు, కల్బ్ కాదు, ఖాఫ్ గొంతు లోపల్నుంచి" అని ఎన్నిసార్లు చెప్పించలేదు! ఒకటి గుండె, ఒకటి కుక్క. హర్ఫ్ పుట్టే చోటు మారితే మతలబే మారిపోతుంది. మన దక్కనీలో ఖాఫ్ రాదు కాబట్టి మనం ఇంకా ఎక్కువ మెహనత్ చేయాల. మద్ ఉంటే సాగదీయాల, లేకపోతే కురచగా ఆపాల. ఇంగ్లీషులో "షిప్", "షీప్" నడుమ తేడా వినడానికి కావాల్సింది ఇదే కదా. ఇంకోటి, "జ"కూ "జ్హ"లాంటి ఆ జీరో జ కూ తేడా ఉంది, మన పిల్లలకు "జబాన్", "జమీన్" అన్నప్పుడే అది నోట్లో ఉంది. ఇది చెప్పినప్పుడు పిల్ల మొహం చూడాల్సింది. తన దగ్గర లేనివే మూడేళ్లుగా విన్న పిల్ల, తన దగ్గర ఉన్నదొకటి మొదటిసారి విన్నది.

మన ఇళ్లల్లో ఒక శర్మిందగీ ఉంది. మాది ఖిచిడీ జబాన్, ఉర్దూ సరిగ్గా రాదు, తెలుగు సరిగ్గా రాదు, ఇంగ్లీషు ఏమొస్తుంది అని. 1820లో మన కడపకు ఉద్యోగానికొచ్చిన సి.పి. బ్రౌన్ దొర గురించి పిల్లకు చెప్పినా. ఆయన తెలుగు నిఘంటువు అందరికీ తెలుసు. అది కాక 1854లో మిశ్రభాషా నిఘంటువని ఇంకోటి అచ్చు వేయించినాడు. కచేరీలో, బజారులో జనం మాట్లాడే తెలుగులో కలిసిపోయిన పరాయి మాటల కోసం. మన నోళ్లలో తిరిగే అరబ్బీ, ఫార్సీ, హిందుస్తానీ మాటలకు దాంట్లో జాగా దొరికింది. ఆ దొర ఖిచిడీని చూసి మొహం తిప్పుకోలేదు, దాంట్లో ఏముందో లెక్క రాసుకున్నాడు. మూడు జబాన్‌ల నడుమ పెరిగిన పిల్ల తక్కువది కాదు. దానికి ఇంకో జబాన్ పట్టడం అలవాటే.

వినడంలో రెండో చిక్కు వాక్యం నడకలో వచ్చింది. తెలుగులో అవునా కాదా అన్నది చివర్లో తేలుతుంది. "నేను రేపు పొద్దున బస్సుకు కడపకు..." దాకా విన్నా పోతాడో పోడో తెలీదు. అందుకే మన చెవి వాక్యం చివర కోసం ఓపిగ్గా కాచుకోని కూర్చుంటుంది. ఇంగ్లీషువాళ్లు ఆ సంగతి మొదట్లోనే చెప్పేసి ముందుకు పోతారు. మనం చివర్లో తలుపు దగ్గర నిలబడి ఉంటాం, వచ్చే మనిషి ముందు తలుపులోంచి ఎప్పుడో వెళ్లిపోయి ఉంటాడు. మా పిల్లకు ఒక నియమం పెట్టినా. ఎవరు, అవునా కాదా, ఈ రెండూ మొదటి మూడు మాటల్లోనే పట్టుకో, తరవాతిది పోయినా పోనీ అని.

ఒక్కో ఆడియో మూడుసార్లు వినేవాళ్లం. మొదటిసారి కాగితం కలం లేకుండా. ఎవరు మాట్లాడుతున్నారు, ఎక్కడున్నారు, ఎందుకు? అంతే. రెండోసారి సవాల్ చూసి వినడం. మూడోసారి ఆడియోలో ఉన్న మాటలను అచ్చులో కళ్లతో చూస్తా వినడం. తనకు వినపడని మాట చాలాసార్లు తనకు తెలిసిన మాటే అయ్యుండేది. "గోయింగ్ టు" అచ్చులో తెలుసు, నోట్లో "గొన్న" అయితే తెలీదు. అట్లాంటివి ఒక నోట్‌బుక్‌లో రాసుకుంది, తెలుగు లిపిలో, తన చెవికి ఎట్లా వినపడిందో అట్లా. పరీక్షలో ఒక్కసారే వేస్తారు కాబట్టి ఆఖరి పది రోజులు ఒక్కసారే విన్నాం.

ఒక ఆదివారం కడప రైల్వే స్టేషన్‌కు తీసుకపోయినా. ఎవరినో దింపడానికి పోయినాం, గంట ఆలస్యం. స్టేషన్‌లో ఒకే సంగతి తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో వరసగా చెప్తారు. "కళ్లు మూసుకొని ఇంగ్లీషు మాత్రం విను" అన్నా. మొదట ప్లాట్‌ఫాం నంబరు పట్టింది, తరవాత టైము, నాలుగో రైలుకు మొత్తం చెప్పేసింది. "ఇంత ఈజీనా ఖాలా?" అనింది. ఈజీ ఎందుకయిందో దానికే అర్థం కావాలని ఊరుకున్నా. రైలు వస్తుంది, ఒక ప్లాట్‌ఫాం మీదికి, ఒక టైముకు. చెప్పబోయేది ఏందో ముందే తెలుసు. దునియా తెలిస్తే జబాన్ సగం తెలిసినట్టే.

దునియా తెలియకపోతే? పిల్లకు ఎక్కువ తప్పులు పోయింది అక్కడే. "లాకర్" దగ్గర నిలబడి ఇద్దరు పిల్లలు మాట్లాడుకుంటారు. దానికి లాకర్ అంటే బ్యాంకులో బంగారం పెట్టేది. పిల్లలకు బంగారం ఎందుకుంటుందని ఆలోచించే లోపల ఆడియో అయిపోయింది. కేక్‌లు చేసి అమ్మి బడి కోసం పైసలు పోగేసే "బేక్ సేల్" ఒకటి వచ్చింది. అదేందో నేనూ వెతికి తెలుసుకోవాల్సి వచ్చింది. ఇది పిల్ల ఇంగ్లీషు లోపం కాదు.

అప్పుడు అబ్బా రేడియో గుర్తొచ్చింది. మ్యాచ్ ఉన్న రోజు దుకాణ్‌లో కామెంట్రీ కాసేపు హిందీలో, కాసేపు ఇంగ్లీషులో వచ్చేది. మా అబ్బాకు ఇంగ్లీషు అక్షరం రాదు. ఇంగ్లీషు కామెంట్రీలో మాత్రం ఎవరు అవుటైనారో, బంతి యాడికి పోయిందో నాకన్నా ముందు చెప్పేవాడు. నాకు మాటలు తెలుసు, ఆట తెలీదు. ఆయనకు ఆట తెలుసు. 1988లో అమెరికాలో రెక్ట్, లెస్లీ అనే ఇద్దరు సరిగ్గా ఇదే పరీక్షించి రాసినారు. ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు 64 మందికి బేస్‌బాల్ ఆట గురించిన పాఠం ఇచ్చి చూస్తే, బాగా చదివే పేరున్నా ఆ ఆట తెలియని పిల్లల కన్నా, చదువులో వెనకబడినా ఆ ఆట తెలిసిన పిల్లలే బాగా అర్థం చేసుకున్నారు. మా అబ్బా రేడియో దగ్గర రుజువు చేసిందే అది. కాబట్టి ఇంగ్లీషు పెరగాలంటే ఇంగ్లీషు పుస్తకమే పట్టుకోవాలని లేదు. తెలుగులో పేపర్ చదివినా, ఉర్దూలో కథ చదివినా, గండికోట గురించి ఎవరైనా చెప్తే విన్నా, అది ఎప్పుడో ఒక ఇంగ్లీషు పేరాలో పనికొస్తుంది.

చదివే భాగానికి నేను పెట్టిన ఖాయిదా ఒకటే. గట్టిగా చదవొద్దు. మన ఇళ్లల్లో ఇది వింతగా ఉంటుంది. గొంతు వినపడితేనే పిల్లలు చదువుతున్నట్టు మనకు. నాజరా ఖురాన్ అట్లా చదువుతాం, దానికి సవాబ్ ఉంది, దాని అదబ్ దానిది. అదే అలవాటు సైన్సు పుస్తకానికి, మందుల చీటీకి తెచ్చుకుంటే నా గతే. కళ్లతో చదువు, పేరా అయినాక పుస్తకం మూసి ఒక వాక్యంలో చెప్పు, ఏ జబాన్‌లో చెప్పినా సరే. "ఖాలా, ఇనో క్యా బోల్‌రైఁ బోలేతో..." అని దక్కనీలో మొదలుపెట్టేది. మా అక్కకు భయం, ఇంగ్లీషు నేర్పమంటే దక్కనీ మాట్లాడిస్తోందేందని. మతలబ్ ముందు అందనీ, లఫ్జ్ తరవాత వస్తాయి అన్నా.

ఇంక మూడు అలవాట్లు. సవాల్‌లో "నాట్", "ఎక్సెప్ట్" కనపడితే పెన్సిల్‌తో గుండ్రంగా చుట్టాల. "ఇట్", "దే" అని వస్తే అది ఎవరి గురించో వేలు వెనక్కి తీసుకపోయి చూపించాల. తెలియని మాట వస్తే దాటేయకూడదు. దాని కింద గీత గీసి, ఇది లేకుండా వాక్యం తిరగబడుతుందా అని ఆలోచించాల. తిరగబడదనుకుంటే ముందుకు పో. తిరగబడేటట్టుంటే ఆగు. మూడోది ఎవరూ నాకు చెప్పనిది.

పాఠం కోసం ఇంట్లో ఇంగ్లీషు ఎంతుందో వెతికినాం. ఉంది. గ్యాస్ సిలిండర్ రసీదు, బ్యాంకు మెసేజీలు, షాంపూ ప్యాకెట్, అమ్మీ షుగర్ మాత్రల అట్ట, దాని అబ్బూ కువైట్ కాగితాల నకళ్లు. ఒకవైపు అరబ్బీ, ఒకవైపు ఇంగ్లీషు. పదేళ్లుగా బీరువాలో ఉన్న ఆ కాగితాలను మా ఇంట్లో ఎవరూ చదవలేదు.

ఏప్రిల్‌లో పరీక్ష అయింది. బయటికొచ్చి ఫోన్ చేసింది. "కొన్ని పోయినాయి ఖాలా. పోయినాయని తెలిసింది." నాకు అది చాలు. 1998లో నాకు తెలియనిది అదే. ఆ తరవాత ఎన్నికలొచ్చినాయి, ప్రభుత్వం మారింది, బడుల్లో టోఫెల్ ఆగిపోయింది. దాని మంచిచెడ్డల మీద పెద్దవాళ్లు చాలా వాదించుకున్నారు. ఆ పైసలు వేరేదానికి పెట్టుండొచ్చన్న మాటలో నిజం ఉండొచ్చు, వల్లూరు పిల్లకు అమెరికా లాకర్ ఎందుకన్న సవాల్ నాదీ. కానీ బడిలో మొదటిసారి ఎవరో మా పిల్లను "చదువు" అనకుండా "ఏం వినపడింది?" అని అడిగినారు. కార్యక్రమం పోయినా ఆ సవాల్‌ను పోనివ్వొద్దని నా కోరిక.

పరీక్ష అయిన ఎండాకాలం, వసారాలోనే, పిల్లకు అబ్బా సంగతి చెప్పినా. అక్కకు చెప్పలేదు, అమ్మీకి ఇప్పటికీ తెలీదు. ఇది చదివి ఎవరన్నా చెప్తే చెప్పనీ, ఇరవై ఏళ్లు దాటింది మోసి. పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. తరవాత అడిగింది, "నానాకు తెలుసా, నువ్వు తప్పు చెప్పినావని?"

"తెలుసు. నేనే మర్చిపోయినా అన్నాడు డాక్టరుతో."

"మరి నీతో?"

"ఏమీ అనలేదు."

"అంటే బాగుండేది కదా ఖాలా" అనింది. అవును. అంటే నేను అప్పుడే ఏడ్చి, అప్పుడే నేర్చుకోని ఉందును. ఆయన నా పరువు దాచినాడు, ఎహ్‌సాన్ చేసినాడు. దాచిన తప్పు నుంచి మాత్రం ఎవరూ ఏమీ నేర్చుకోలేదు.

ఇప్పుడు పిల్ల ఇంటర్ మొదటి సంవత్సరం. ప్రొద్దుటూరులో మా ఇంట్లోనే ఉండి చదువుతోంది. దాదీ ఒప్పుకుందా అంటే, పూర్తిగా లేదు. నెలకోసారి అదే మాట అంటుంది. మొన్న దాని అబ్బూ కువైట్ నుంచి ఒక కాగితం ఫోటో పంపినాడు. రేపు సంతకం పెట్టమంటున్నారు, ఏముందో చెప్పు అని. ఫోన్ స్పీకర్‌లో ఉంది, దాదీ కూడా లైన్‌లో ఉంది. పిల్ల చూసింది. నేను పక్కనే ఉన్నా, నోరు తెరవలేదు. పాత పిల్ల అయితే గడగడా చదివేసేది, అందరం మాషా అల్లా అనేవాళ్లం.

"అబ్బూ, ఒక మాట నాకు తెలీదు. అది తెలియకుండా మిగతాది చెప్తే తప్పయితాది. పది నిమిషాలాగి చేస్తా" అనింది.

అటువైపు దాదీ "ఏందంట, రాలేదంటనా చదువు?" అని అడగడం వినపడింది. వాళ్ల అబ్బూ అన్నాడు, "కాదమ్మీ. వచ్చింది."

మీ ఇంట్లో కూడా బడికి పోయే బిడ్డ ఉంటే ఈ రాత్రి ఒక పని చేయండి. మీకు ఇంగ్లీషు రాకపోయినా ఫరక్ పడదు. పుస్తకం తీసి చదవమనండి, విని సంతోషపడండి, తరవాత పుస్తకం మూసి మెల్లగా అడగండి. మతలబ్ ఏంది బేటా? తెలీదంటే కోప్పడొద్దు. తెలీదని చెప్పగలిగే హౌసలా ఉన్న బిడ్డకు తెలుసుకునే దారి ఉంటుంది. నాకు అప్పుడు ఆ హౌసలా లేదు. నలుగురి నడుమ నిలబడి, గట్టిగా, తడబడకుండా చదివినా.